కీమో నడుస్తున్నప్పుడు జ్వరం వస్తే ఏం చేయాలి, ముందే ఏం సిద్ధం చేసుకోవాలి

నెల్లూరు, సూళ్ళూరుపేట, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి క్యాన్సర్ వైద్యానికి చెన్నై రావడం మన కుటుంబాలకు కొత్త కాదు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చొరవతో 1954లో అడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైన నాటి నుంచీ ఆ రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. కీమోథెరపీ కోసం ఇక్కడ గది తీసుకొని ఉంటున్నవారిని, ఈ నగరంలోనే స్థిరపడి ఇంట్లో ఒకరికి కీమో చేయిస్తున్నవారిని దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. కీమో నడుస్తున్న మనిషికి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, లేదా ఆపైన ఉంటే అది ఇంట్లో చూసుకొనే జ్వరం కాదు. అర్ధరాత్రి అయినా, పండుగ అయినా, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరవలసిన జ్వరం.

ఇది నాకు తెలియక జరిగిన పొరపాటు ముందుగా చెబుతాను. మా అక్కకు రొమ్ము క్యాన్సర్. రెండవ సైకిల్ (ఒక విడత కీమో) అయిన పదవ రోజు రాత్రి, మే నెల ఉక్కలో, విల్లివాక్కంలోని మా ఇంట్లో ఆమె ఫ్యాన్ ఆపించి, రెండు దుప్పట్లు కప్పుకొని పళ్ళు కొట్టుకునేలా వణికింది. థర్మామీటరులో 101.2 ఉంది. అప్పుడు పదకొండు గంటలు. ఏ ఇంట్లోనైనా చేసే పనే నేనూ చేశాను, డోలో 650 (పారాసిటమాల్ మాత్ర) ఒకటి ఇచ్చాను. గంటన్నరకు చెమట పట్టి జ్వరం 99కి దిగింది, తగ్గింది కదా అని అందరం పడుకున్నాము. తెల్లవారి ఆరు గంటలకు లేపితే ఆమె మాట తడబడుతోంది, చేతులు చల్లగా ఉన్నాయి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, జ్వరం ఎన్ని గంటలకు చూశారు అన్నదే. మా అక్క పదకొండు రోజులు వార్డులో ఉండి కోలుకొని ఇంటికి వచ్చింది, కానీ మేము పోగొట్టుకున్న ఆ ఏడు గంటలు ఆమెకు ఎంత విలువైనవో ఆ ప్రశ్న విన్నప్పుడే నాకు అర్థమైంది.

జ్వరం ఎందుకు అంత ప్రమాదం

శరీరంలోకి చేరిన బాక్టీరియాను మొదట ఎదుర్కొనేవి తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం. ఇవి ఎక్కువ కాలం బతకవు కాబట్టి ఎముక మజ్జ ఎప్పటికప్పుడు కొత్తవి తయారు చేస్తూ ఉండాలి. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలన్నింటినీ దెబ్బతీస్తాయి, అందులో క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జ కూడా ఉంటుంది. నోటి లోపలి పొర, పేగుల లోపలి పొర కూడా ఇదే కారణంతో పలచబడి పుళ్ళు పడతాయి. అందుకే మామూలు రోజుల్లో పేగుల్లో ఏ హానీ చేయకుండా ఉండే సూక్ష్మజీవులే ఆ పగుళ్ళ గుండా రక్తంలోకి చేరగలవు, వాటిని అడ్డుకోవలసిన కణాలు ఆ సమయానికి ఉండవు. ఈ ఒక్క సంగతి ఇంట్లో సేవ చేసేవారు బాగా గుర్తుంచుకోవాలని నా కోరిక, ఎందుకంటే జ్వరం రాగానే శుభ్రత సరిగా పాటించలేదని ఒకరినొకరు నిందించుకొనే ఇళ్ళు చాలా చూశాను. ఇల్లంతా అద్దంలా పెట్టుకున్నా జ్వరం రావచ్చు. అది ఎవరి తప్పూ కాదు.

ఇంకొక చిక్కు ఉంది. చీము పట్టడానికి, వాపు రావడానికి, ఎర్రబడడానికి కూడా ఆ కణాలే కావాలి. అవి లేనప్పుడు లోపల ఇన్ఫెక్షన్ ఎంత ముదిరినా బయటికి కనిపించే గుర్తు ఒక్కోసారి జ్వరం ఒక్కటే అవుతుంది. దానిని మాత్రతో అణచివేస్తే ఆ ఒక్క గుర్తు కూడా పోతుంది.

మొదటి పని: ప్రమాదం ఎక్కువగా ఉండే రోజులను క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి

చాలా రకాల కీమోలలో, మందు ఎక్కించిన రోజు నుంచి లెక్కిస్తే సుమారు ఏడవ రోజు నుంచి పద్నాలుగవ రోజు వరకు కౌంట్, అంటే రక్తంలో తెల్ల కణాల సంఖ్య, బాగా పడిపోయి, తరువాత మెల్లగా పెరుగుతుంది. కొన్ని మందులకు ఈ రోజులు మారుతాయి, వారం వారం ఇచ్చే కీమోకు లెక్క వేరు, రక్త క్యాన్సర్లకు ఇచ్చే కీమోలో కౌంట్ పడిపోయే కాలం ఇంకా ఎక్కువ. కాబట్టి కీమో ఎక్కించుకొని ఇంటికి వెళ్ళే ముందే, ఈ మందుకు కౌంట్ ఏ రోజుల్లో తగ్గుతుంది అని మీ డాక్టరును అడిగి, ఆ తేదీల చుట్టూ గీత గీయండి. మిగతా రోజుల్లో జ్వరం వచ్చినా నియమం అదే, కానీ ఈ రోజుల్లో ప్రయాణాలు, పెళ్ళిళ్ళు, గుంపులు పెట్టుకోకూడదు.

రక్తపరీక్ష రిపోర్టు చేతికి వచ్చినప్పుడు మొత్తం తెల్ల కణాల అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. దాని కింద డిఫరెన్షియల్ కౌంట్‌లో న్యూట్రోఫిల్స్ శాతం ఉంటుంది. మొత్తం తెల్ల కణాలు 1,800 ఉండి న్యూట్రోఫిల్స్ 22 శాతం అయితే, 1,800లో 22 శాతం అంటే 396. ఈ అంకె 500 కంటే తగ్గితే ప్రమాదం తీవ్రంగా ఉందని వైద్యులు లెక్కిస్తారు. ఈ లెక్క మీకు మీరు మందులు మార్చుకోవడానికి కాదు, ఫోన్‌లో డ్యూటీ డాక్టరు అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పడానికి.

రెండవ పని: థర్మామీటరు సరిగా వాడడం నేర్చుకోండి

నుదుటి దగ్గర పెట్టి చూసే గన్ థర్మామీటరు మీద ఆధారపడవద్దు, చెమట పట్టిన నుదురు మీద, ఏసీ గదిలో నుంచి వచ్చిన వెంటనే అది తప్పు చూపవచ్చు. మామూలు డిజిటల్ థర్మామీటరు కొని, అది రోగికి మాత్రమే కేటాయించండి. నాలుక కింద చూసేటట్లయితే కాఫీ గానీ చల్లని నీళ్ళు గానీ తాగిన తరువాత కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ఆగాలి. నోట్లో పుళ్ళు ఉంటే చంకలోనే చూడండి, కానీ చెన్నై ఉక్కకు చంక ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ముందు పొడిబట్టతో అద్ది, బీప్ వచ్చేవరకు చేయి ఒంటికి దగ్గరగా నొక్కి ఉంచాలి. చంకలో చూసిన అంకె నోట్లో చూసినదాని కంటే కొంత తక్కువగా ఉంటుంది, అందువల్ల చంకలో 99.5 దాటి మనిషి నలతగా కనిపిస్తే పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. మలద్వారంలో థర్మామీటరు పెట్టడం, ఎనిమా ఇవ్వడం, అక్కడ పెట్టే మందులు వాడడం కీమో రోజుల్లో పూర్తిగా మానాలి, చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్‌కు దారి అవుతుంది.

కౌంట్ పడిపోయే రోజుల్లో పొద్దున, సాయంత్రం ఒకసారి, ఒంట్లో బాగా లేదనిపించినప్పుడల్లా ఒకసారి చూసి, తేదీ, సమయం, అంకె ఒక చిన్న నోటుబుక్కులో రాయండి.

మూడవ పని: కార్డు, సంచి, దారి

ఒక అట్టముక్క మీద, ఇంగ్లీషులో స్పష్టంగా, రోగి పేరు, ఆసుపత్రి నంబరు, క్యాన్సర్ రకం, ఇస్తున్న కీమో మందుల పేర్లు, చివరి కీమో తేదీ, పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చేది) గానీ పిక్ లైన్ (చేతి నరం గుండా పెట్టే పొడవాటి సన్నని గొట్టం) గానీ ఉందా, ఏ మందు పడదు, చూస్తున్న డాక్టరు పేరు రాసి పెట్టండి. చివరి కీమో తేదీ ప్రతి సైకిల్‌కూ మారుతుంది కాబట్టి దానిని పెన్సిల్‌తో రాయండి. ఆసుపత్రి పగటి నంబరు ఒక్కటే సరిపోదు. రాత్రి, ఆదివారం ఎవరికి చేయాలో డిశ్చార్జి రోజే అడిగి, ఒకసారి చేసి, అవతల ఎవరైనా ఎత్తుతున్నారో లేదో చూసుకోండి. పోయినసారి రిపోర్టులు, బీమా కార్డు, రెండు జతల బట్టలు, ఫోన్ చార్జరు, కొంత నగదు ఒకే సంచిలో తలుపు దగ్గర ఉండాలి.

దారి సంగతి చెన్నైలో ప్రత్యేకంగా ఆలోచించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో వేలచ్చేరి లాంటి పల్లపు ప్రాంతాల్లో ఒక్క రాత్రి వానకే వీధులు మునుగుతాయి. 2015 డిసెంబరులో అడయార్ నది పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు ఇళ్ళలో చిక్కుకుపోయినవారిని పడవల మీద తరలించవలసి వచ్చింది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజులు, కౌంట్ పడిపోయే రోజులు ఒకేసారి వస్తే, ముందురోజే ఆసుపత్రికి నడిచి వెళ్ళగలిగినంత దగ్గరలో ఉన్న బంధువుల ఇంటికో గదికో మారడం మంచిది. తమిళనాడులోనూ అంబులెన్సుకు 108 పనిచేస్తుంది. మనిషి నిలబడగలిగితే క్యాబ్ లేదా ఆటో చాలు, బైకు మీద మాత్రం తీసుకువెళ్ళకండి.

జ్వరం వచ్చిన ఘడియలో

నాలుక కింద 100.4 లేదా ఆపైన కనిపిస్తే, లేదా ఆసుపత్రివారు మీ కాగితంలో రాసిచ్చిన అంకె దాటితే, ముందు సమయం రాసుకోండి. పారాసిటమాల్ ఇవ్వకండి. డాక్టరు ఫోన్‌లో ఇవ్వమంటే ఇవ్వండి, కానీ ఎన్ని గంటలకు ఎంత ఇచ్చారో కార్డు మీద రాయండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ లాంటివి అసలు వద్దు, కీమో వల్ల ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉండవచ్చు, అప్పుడు ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర వేయడం, వీధి చివరి క్లినిక్‌లో నడుముకు సూది వేయించడం, తెల్లవారనివ్వండి చూద్దాం అనుకోవడం, ఈ మూడూ చేయకూడని పనులు. కండకు వేసే సూది వల్ల ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నవారికి కండ లోపల రక్తం కారి గడ్డలా నిలిచి, అక్కడే చీము పట్టే ప్రమాదం ఉంది.

ఫోన్ చేస్తూనే బయలుదేరండి. ఎవరూ ఎత్తకపోయినా ఆగకండి.

జ్వరం లేకపోయినా ఇంతే తొందర చూపవలసిన సందర్భాలు ఉన్నాయి, వాటిని ఇంట్లో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. వణుకు, చలి, మాట తడబడడం, అలవాటు లేని మగత, ఆయాసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, మూత్రం బాగా తగ్గడం లేదా మంట, ఆగని విరేచనాలు, మింగలేనంత నోటి పూత, పోర్ట్ చుట్టూ ఎర్రబడడం లేదా నొప్పి కనిపిస్తే అంకె ఎంత ఉన్నా ఫోన్ చేయండి. కీమోతోపాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి, వయసు మళ్ళినవారికి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఒళ్ళు 96.8 కంటే చల్లబడడం కూడా చెడు గుర్తే. మలద్వారం దగ్గర నొప్పిని మన ఆడవారు, ముఖ్యంగా పెద్దవారు, సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. కూతురో కోడలో ఏకాంతంగా, "అమ్మా, అక్కడేమైనా నొప్పిగా ఉందా" అని రోజూ అడగడం ఎంతో మేలు.

క్యాజువాలిటీ గుమ్మం దగ్గర ఏం చెప్పాలి

మా రెండవ అనుభవంలో రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర, "జ్వరం అండీ" అని మాత్రమే చెప్పినందుకు వరసలో కూర్చోమన్నారు, నలభై నిమిషాలు గడిచాయి. కిటికీ వెనుక ఉన్న మనిషికి అది మామూలు జ్వరమే. అప్పటి నుంచి మొదటి వాక్యంలోనే కీమో అన్న మాట, చివరి తేదీ, జ్వరం అంకె మూడూ చెబుతున్నాము. "కీమో పేషెంటు, చివరి కీమో అయి పది రోజులైంది, 101 జ్వరం, న్యూట్రోపీనియా కావచ్చు, వెంటనే చూడండి" అని చెప్పి కార్డు చేతికివ్వండి. న్యూట్రోపీనియా అంటే న్యూట్రోఫిల్స్ బాగా తగ్గిపోవడం. తమిళంలో చెప్పవలసి వస్తే, "కీమో ఎడుత్తుట్టు ఇరుక్కాంగ, కాయ్చల్ వందిరుక్కు, రొంబ అవసరం" అంటే చాలు. మనకు అవసరం అంటే కావలసినది, తమిళంలో ఆ మాటకు తొందర అని అర్థం, కాబట్టి అది సరిగ్గా పనికివస్తుంది. జలుబు దగ్గులతో ఉన్నవారి మధ్య కూర్చోబెట్టవద్దని, విడిగా చోటు చూపమని మర్యాదగా, గట్టిగా అడగండి.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే గాబరా తగ్గుతుంది. బీపీ, ఆక్సిజన్ చూస్తారు, సీబీసీకి, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్షకు, రక్తం తీస్తారు, బ్లడ్ కల్చర్ కోసం చేతి నరం నుంచి, పోర్ట్ ఉంటే దాని నుంచి కూడా వేరువేరు సీసాల్లోకి రక్తం తీస్తారు. అంత రక్తం ఎందుకని అడ్డుకోకండి, ఏ సూక్ష్మజీవి ఉన్నదో, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది దానివల్లనే. ఆ వెంటనే, రిపోర్టుల కోసం ఆగకుండా, చాలా రకాల బాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. రోగి వచ్చిన గంటలోపే ఆ తొలి డోసు పడాలన్నది క్యాన్సర్ వైద్యులు పెట్టుకున్న లక్ష్యం. ముప్పావు గంట దాటినా మందు మొదలు కాకపోతే, "సిస్టర్, యాంటీబయాటిక్ మొదలుపెట్టారా అమ్మా" అని అడగడంలో తప్పు లేదు. కల్చర్ ఫలితానికి సాధారణంగా రెండు రోజులైనా పడుతుంది. సరైన మందు పడుతున్నా జ్వరం కొన్ని రోజులు వచ్చి పోతూ ఉండవచ్చు, దానిని చూసి ఆసుపత్రి మార్చేద్దామని తొందరపడవద్దు. ప్రమాదం తక్కువగా ఉన్న కొందరిని డాక్టర్లు లెక్క చూసుకొని మాత్రలతో ఇంటికి పంపుతారు. ఆ నిర్ణయం వారిదే కావాలి.

రోజువారీ జాగ్రత్తలు, పరామర్శలు

చేతులు కడుక్కోవడం అన్నింటికంటే ముఖ్యం. సబ్బుతో ఇరవై సెకన్లు, రోగి, వంట చేసేవారు, బయటి నుంచి వచ్చేవారు అందరూ. మెత్తని బ్రష్షు వాడి, భోజనం తరువాత ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించాలి. చిగుళ్ళు గీరుకునే వేపపుల్ల ఈ కొన్ని నెలలు పక్కన పెట్టండి. జుట్టు రాలుతున్నప్పుడు మంగలి కత్తితో గుండు చేయించడం కంటే ట్రిమ్మరుతో తీయించడం మేలు, తిరుమల మొక్కు ఉన్నవారు వైద్యం పూర్తయిన తరువాత తీర్చుకోవచ్చు.

ఆహారం విషయంలో అనవసరమైన భయాలు ఎక్కువ. పచ్చివన్నీ మాన్పించే కఠినమైన పథ్యం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని పరిశోధనల్లో తేలలేదు. వండిన వెంటనే వేడిగా తినడం, కాచి చల్లార్చిన నీళ్ళు తాగడం, అరటి, బత్తాయి లాంటి తొక్క తీసే పళ్ళు కడిగి తినడం సరిపోతుంది. ఇడ్లీ వేడిదైతే ఎక్కడిదైనా భయం లేదు, బయటి కొబ్బరి చట్నీని మాత్రం నమ్మలేము. క్యాన్ నీళ్ళనూ కాచే వాడండి. పెరుగు గురించి డాక్టర్లలోనే రెండు మాటలు ఉన్నాయి, మీ డాక్టరు చెప్పినట్లు చేయండి. తిండి తగ్గి మనిషి నీరసించడం కూడా ప్రమాదమే.

ఇక పరామర్శలు. వచ్చేవారిది ప్రేమే, కానీ జలుబుతో వచ్చిన చిన్నాన్నను గుమ్మంలో ఆపడం ఆ ఇంటి కోడలికి సాధ్యం కాదు. ఈ మాట ఇంటి పెద్ద ముందే అందరికీ ఫోన్ చేసి, "డాక్టరు ఎవరినీ కలవవద్దన్నారు, మాట్లాడాలంటే ఫోన్‌లో మాట్లాడండి" అని చెప్పాలి. చుట్టుపక్కల ఏ పిల్లవాడికైనా అమ్మవారు పోసి, ఆ పిల్లవాడి దగ్గర రోగి ఉన్నట్లయితే, పొక్కులు కనిపించేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తెలియజేయండి. రోగికి ఏ టీకా అయినా క్యాన్సర్ డాక్టరును అడిగే వేయించాలి.

సైకిళ్ళ మధ్య ఊరికి వెళ్ళాలనుకుంటే

ఇల్లు చూడాలన్న కోరిక సహజమే. వెళ్ళే ముందు మీ ఊరి దగ్గర సీబీసీ, బ్లడ్ కల్చర్, నరం ద్వారా యాంటీబయాటిక్ మూడూ రాత్రి వేళ కూడా దొరికే ఆసుపత్రి ఏదో కనుక్కోండి. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, ఊరు ఇంకా లోపలైతే మరో గంట, అంత దూరం జ్వరంతో ప్రయాణం చేసి రావడం కంటే తొలి డోసు అక్కడే పడి, తరువాత ఇక్కడికి రావడం మేలు. ఆ మేరకు అక్కడి డాక్టరుకు ఒక ఉత్తరం రాసివ్వమని మీ క్యాన్సర్ డాక్టరును అడగండి, చాలామంది సంతోషంగా రాసిస్తారు. కౌంట్ పెరగడానికి ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ సూదులు ఊళ్ళో వేయించుకోవలసి ఉంటే, వాటిని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చలిలో, ఐసుకు నేరుగా తగలకుండా, గుడ్డ చుట్టి డబ్బాలో తీసుకువెళ్ళాలి, గడ్డకట్టిన సూది వాడకూడదు. ఆ సూదులకు ఎముకల నొప్పులు రావడం మామూలే. జ్వరం వస్తే మాత్రం సూది వల్లే వచ్చిందని ఊరి ఆర్ఎంపీ ఎంత ధైర్యం చెప్పినా, ఉత్తరం పట్టుకొని ముందే చూసుకున్న ఆసుపత్రికి వెళ్ళి, దారిలోనే చెన్నైకి ఫోన్ చేయండి.